పాత చెక్క బోటులో పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ వేయాలంటే ముందు చెక్క చూడండి, తర్వాత ఇంజన్

మీరు అడిగింది ఇదీ: సియాటెల్‌లో 1956 నాటి 32 అడుగుల చెక్క క్రూజర్ కొన్నారు. లేక్ యూనియన్‌లో కట్టి ఉంచారు. లోపల 115 హెచ్‌పీ క్రిస్లర్ క్రౌన్ పెట్రోల్ ఇంజన్ ఉంది, రిడక్షన్ గేరు (షాఫ్టు వేగం తగ్గించే గేరు) లేదు, ఇంజన్ నేరుగా షాఫ్టును తిప్పుతుంది. బోటు బరువు సుమారు 5.5 టన్నులు. పిల్లల్ని ఎక్కించుకున్నప్పుడల్లా పెట్రోల్ వాసనకు భయమేస్తోంది. డీజిల్‌కు మార్చవచ్చా, ఎంత హెచ్‌పీ కావాలి, పాత ట్యాంకు పనికొస్తుందా, ఆదా అయ్యే ఇంధనంతో ఖర్చు తిరిగొస్తుందా? చివరగా, మన కాకినాడ బోట్లలో లేలాండ్ ఇంజన్లు వేసినట్టు ఇక్కడ పాత ట్రక్ ఇంజన్ వేస్తే తప్పేంటి?

నేను కాకినాడలో మెరైన్ డీజిల్ పని నేర్చుకుని, ఇక్కడి యార్డుల్లో చాలాకాలంగా ఇదే పని చేస్తున్నాను. మార్చవచ్చు. మంచి పనే. కానీ అందరూ ఇంజన్ కేటలాగ్‌తో మొదలుపెడతారు, చివరికి బోటు కింద దూరి చెక్కను చూస్తారు. చెక్క బోటు విషయంలో వరస తలకిందులు కావాలి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది ఆ లెక్క మీదే నిర్ణయం తీసుకుంటారు. మీ బోటు 7 నాట్ల దగ్గర (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పోవడానికి సుమారు 25 హెచ్‌పీ చాలు. అంత పనికి మీ పాత ఫ్లాట్‌హెడ్ ఇంజన్ (వాల్వులు సిలిండర్ పక్కనే ఉండే పాత తరహాది) గంటకు మూడు గాలన్ల దాకా తాగుతుంది. డీజిల్ అయితే ఒకటిన్నర గాలనుతో సరిపెడుతుంది. ఏడాదికి 80 గంటలు తిప్పారనుకోండి, మిగిలేది 120 గాలన్లు. గాలను 5 డాలర్ల లెక్కన 600 డాలర్లు. యార్డులో పని మొత్తం చేయిస్తే బిల్లు 30 వేల డాలర్లు సులువుగా దాటుతుంది. అంటే అసలు రాబట్టడానికి యాభై ఏళ్లు. కాబట్టి ఆదా కోసమైతే వద్దు. మీ కారణం పిల్లల భద్రత, ఒక ట్యాంకుతో రెట్టింపు దూరం వెళ్లడం, తడిసిన డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌తో నడి పుగెట్ సౌండ్‌లో (సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ) ఆగిపోకుండా ఉండడం అయితే, చేయించండి.

మీ భయం కూడా ఉత్తిది కాదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. కారు కింద లీకైతే గాలికి కొట్టుకుపోతుంది, బోటులో అయితే అడుగుకు దిగి అక్కడే కూర్చుంటుంది. గాలిలో 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. బోటు అడుగున నీళ్లు తోడే పంపు, దాని స్విచ్చు, స్టార్టర్ మోటారు అన్నీ సరిగ్గా ఆ చోటే ఉంటాయి. స్టార్ట్ చేసే ముందు బ్లోయరు (అడుగున ఉన్న ఆవిరిని బయటకు తోసే ఫ్యాను) నాలుగు నిమిషాలు తిప్పమని లోపల ఇంజన్ ఉన్న పెట్రోల్ బోట్ల మీద రాసేది ఇందుకే. డీజిల్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి అంటుకోగల కనీస వేడి) 52 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది, మామూలు వేడిలో దాని ఆవిరి పేలదు. అయితే డీజిల్ వేయించేదాకా ఆగకుండా ఈ వారమే ఒక పని చేయండి. వాసన వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ట్యాంకు మెడ దగ్గరి గొట్టం, కార్బురేటర్, ఫ్యూయల్ పంపు డయాఫ్రం చూపించండి. అది తేలేవరకు పిల్లల్ని ఎక్కించకండి.

ఇక చెక్క. బోటును పైకి తీయించి, చెక్క బోట్లే చూసే సర్వేయరుతో మూడు చోట్లు చూపించండి: ఇంజన్ కూర్చున్న దూలాలు, ఆ దూలాలు బిగించి ఉన్న ఫ్లోర్లు (ఫ్రేములను కీల్‌కు కలిపే అడ్డ చెక్కలు), పలకలు ఒంపు తిరిగే చోట ఫ్రేములు (పలకలను పట్టుకునే పక్కటెముకల్లాంటి చెక్కలు). 1950లలో ఇంత బోట్లకు ఫ్రేములు ఎక్కువగా ఓక్ చెక్కను ఆవిరి పట్టి వంచినవే. ఆ ఒంపులోనే అవి చీలతాయి. పైకి పెయింటు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల ఫ్రేము అడ్డంగా విరిగి ఉంటుంది. వేలితో కాదు, సన్నటి సూది మొనతో పొడిచి చూడాలి. పలకల్లో కొన్ని స్క్రూలు బయటకు తీయించి చూడాలి. సిలికాన్ బ్రాంజ్ అయితే అరవై డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మెరుస్తూ రావచ్చు. ఇత్తడి అయితే అందులోని జింకు పోయి, గులాబీ రంగు తిరిగి, తిప్పగానే తల తెగిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, డీజిల్ కొట్టే దెబ్బ వేరు. మీ ఫ్లాట్‌హెడ్ కంప్రెషన్ నిష్పత్తి 7:1 దరిదాపుల్లో ఉంటుంది. చిన్న డీజిళ్లది 18:1 నుంచి 22:1 దాకా. ఐడిల్‌లో నాలుగు సిలిండర్ల డీజిల్ ఇచ్చే కుదుపు, ఆరు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజన్ మెత్తటి గుడగుడకు పోలికే లేదు. ఫైబర్‌గ్లాస్ బోటు ఒకే ముక్క, అదిరితే మొత్తం అదురుతుంది. చెక్క బోటు వేల స్క్రూలతో కూర్చిన వస్తువు. అదురు ముందు వదులైన స్క్రూను వెతుక్కుంటుంది. నీరసించిన బోటులో కొత్త డీజిల్ పెడితే రెండు సీజన్లలో పలకల సందుల్లోంచి నీళ్లు ఊరడం మొదలవుతుంది, అప్పుడు నేరం ఇంజన్ మీదికి పోతుంది. ఫ్రేముల పని ఉందని సర్వేయరు చెబితే, ముందు ఆ పనికి ఖర్చు పెట్టండి. ఇంజన్ డబ్బు అయిపోయినా సరే.

అడుగున ఇంకో జబ్బు ఉంటుంది, దాన్ని చాలామంది ఉప్పు అనుకుని తుడిచేస్తారు. నీటి అడుగున ఉండే కంచు ఫిట్టింగులకు లోపలివైపు, ఆకుపచ్చ తీగతో బాండింగ్ కట్టిన (లోహాలన్నిటినీ ఒకదానికొకటి కలిపిన) చోట, చెక్క చుట్టూ తెల్లటి పొడి లాంటిది పూసి ఉంటుంది. గీకితే కింద చెక్క పీచులు పీచులుగా, నానిన కొబ్బరి పీచులా ఊడొస్తుంది. జింకు ఆనోడ్లు (తాము కరిగిపోతూ మిగతా లోహాలను తుప్పు నుంచి కాపాడే ముక్కలు) ఎక్కువ పెట్టి అన్ని లోహాలనూ తీగతో కలిపితే, కాపాడబడే లోహం దగ్గర క్షారం పుడుతుంది. ఆ క్షారం చెక్క పీచులను అతికి ఉంచే లిగ్నిన్‌ను కరిగించేస్తుంది. లోహం బాగుంటుంది, దాన్ని పట్టుకున్న చెక్క పోతుంది. కొత్త ఇంజన్ వేసే ఎలక్ట్రీషియన్ ఫైబర్‌గ్లాస్ బోట్ల అలవాటు కొద్దీ కనబడిన ప్రతి ఫిట్టింగునూ తీగతో కలుపుతానంటాడు. చెక్క బోట్లలో అనుభవం ఉన్నవారిని అడగకుండా ఒప్పుకోకండి. షాఫ్టుకు దాని జింకు ఉండాలి. దూరంగా విడిగా ఉన్న మంచి బ్రాంజ్ సీకాక్‌ను (బోటు అడుగున నీళ్ల రంధ్రాన్ని మూసే వాల్వును) మాత్రం దాని మానాన వదిలేయడమే మేలు.

మీ బోటు మంచినీళ్ల సరస్సులో ఉంది కాబట్టి చెక్కను తొలిచే సముద్రపు పురుగు బెడద లేదు, కానీ కుళ్లు బెడద ఎక్కువ. ఉప్పునీరు చెక్కను కుళ్లకుండా కాపాడుతుంది, సియాటెల్ వాన కుళ్లబెడుతుంది. డెక్ నుంచి కారిన వాన నీళ్లు ఇంజన్ దూలాల వెనక చివర్లలో ఆగుతాయి. అక్కడ తప్పకుండా పొడిచి చూడండి.

చెక్క బాగుందని తేలిందనుకుందాం. ఇప్పుడు హెచ్‌పీ. 115 తీస్తున్నాం కాబట్టి 110 పెట్టాలనే మాట వదిలేయండి. నీటిని చీల్చుకుని పోయే బోటుకు వేగం దాని నీటిగీత పొడవును బట్టి ఉంటుంది. అడుగుల్లో ఆ పొడవుకు వర్గమూలం తీసి 1.34తో గుణించాలి. మీది 29 అడుగులనుకుంటే 7.2 నాట్లు. అక్కడిదాకా మీ 5.5 టన్నులకు 30 హెచ్‌పీ లోపే సరిపోతుంది. ఎదురుగాలికి, ఎదురు పోటుకు నిల్వ కలుపుకుని 45 నుంచి 55 మధ్య ఇంజన్ సరైనది. మీ క్రూజర్ అడుగు వెనకభాగం చదునుగా ఉంది, పాత ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో 12 నాట్ల దాకా తోసి ఉంటుంది. అది పోతుంది. సియాటెల్ నుంచి ఉత్తరాన శాన్ వాన్ దీవుల్లోని ఫ్రైడే హార్బర్ అరవై పైచిలుకు నాటికల్ మైళ్లు, 7 నాట్లతో తొమ్మిది పది గంటల ప్రయాణం. ఇంట్లోవాళ్లతో ఈ మాట ముందే అనుకోండి. డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధిలో పోటు 8 నాట్ల దాకా వస్తుంది, అక్కడ 7 నాట్ల బోటు టైడ్ టేబుల్ చూసుకుని, నీరు నిలిచే వేళకే దాటాలి.

పెద్ద ఇంజన్ పెట్టి నెమ్మదిగా నడుపుతానంటారా, అది డీజిల్‌కు పడదు. పని భారం లేకుండా గంటల తరబడి తిరిగే డీజిల్ సరిగ్గా వేడెక్కదు, మసి పడుతుంది, సిలిండర్ గోడలు అద్దంలా నునుపెక్కిపోతాయి, ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. చిన్న ఇంజన్ కష్టపడి పనిచేస్తేనే దానికి ఆరోగ్యం.

ఇప్పుడు అందరూ తడబడే చోటికి వచ్చాం: షాఫ్టు, ప్రొపెల్లరు. హెచ్‌పీ సగానికి తగ్గింది కదా, పాత షాఫ్టు ఎలాగూ సరిపోతుంది అనుకుంటారు. లెక్క వేయండి. టార్క్ పౌండ్-ఫుట్‌లలో కావాలంటే హెచ్‌పీని 5252తో గుణించి ఆర్‌పీఎంతో భాగించాలి. పాతది 115 హెచ్‌పీ, 3200 ఆర్‌పీఎం, గేరు లేదు: 189. కొత్తది 50 హెచ్‌పీ, 2800 ఆర్‌పీఎం అనుకుంటే ఇంజన్ దగ్గర 94. కానీ దానికి 2.5:1 గేరు (ఇంజన్ రెండున్నర చుట్లకు షాఫ్టు ఒక చుట్టు) తగిలిస్తే షాఫ్టు మీద 234. సగం కూడా లేని ఇంజన్ పాతదానికంటే ఎక్కువ మెలి పెడుతుంది. అదే 2:1 గేరు అయితే 188, అంటే పాతదానితో సమానం. మీకు నేను 2:1 వైపే మొగ్గుతాను, దానికి ఇంకో కారణం కూడా ఉంది.

గేరు ఎక్కువయ్యేకొద్దీ ప్రొపెల్లర్ పెద్దదవ్వాలి. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితే మంచిదే, కానీ మీ బోటుకు చోటేదీ? రెక్క చివరికీ పలకకూ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం 10 నుంచి 15 శాతం ఖాళీ ఉండాలి. 18 అంగుళాల ప్రొపెల్లరుకు దాదాపు 2 నుంచి 2¾ అంగుళాలు. అంతకంటే దగ్గరైతే ప్రతి రెక్కా దాటినప్పుడల్లా నీరు పలకను గుద్దుతుంది, ఆ పలక స్క్రూలే ముందు వదులవుతాయి. కాబట్టి బోటు పైన ఉన్నప్పుడే టేపు పెట్టి, ఎంత పెద్ద ప్రొపెల్లర్ పడుతుందో కొలవండి. ఆ కొలత గేరును తేలుస్తుంది, గేరు ఇంజన్‌ను తేలుస్తుంది. ప్రొపెల్లర్ కుడికి తిరిగేదో ఎడమకు తిరిగేదో కూడా రాసుకోండి. నేరుగా తిరిగే పాత ఇంజన్లు కుడికి తిరిగేవీ, ఎడమకు తిరిగేవీ రెండూ వచ్చేవి, కొత్త గేరుతో మీ పాత ప్రొపెల్లర్ వెనక్కి తోసే అవకాశం ఉంది.

షాఫ్టు మార్చేటప్పుడు లావు పెంచకుండా లోహం మార్చడం చెక్క బోటులో తెలివైన దారి. కీల్ చెక్కలో తొలిచిన రంధ్రాన్ని మళ్లీ తొలవాల్సిన పని తప్పుతుంది. పాత బ్రాంజ్ షాఫ్టు స్థానంలో అదే వ్యాసంలో ఆక్వామెట్ 22 అనే స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు వేస్తే బలం చాలా పెరుగుతుంది. అయితే స్టెయిన్‌లెస్ జాతికి నిలవ నీరు పడదు, గాలి తగలని చోట గుంటలు పడుతుంది. బోటు నెలల తరబడి కదలకుండా ఉండకూడదు.

ట్రక్ ఇంజన్ గురించి. కాకినాడ హార్బర్‌లో మీరు చూసిన లేలాండ్లు మెరైన్ కిట్‌తో, మెరైన్ గేరుతో, బోటు కోసమే తయారు చేసినవి. లారీ నుంచి ఊడదీసిన ఇంజన్ వేరు. లారీ ఘాట్ ఎక్కి దిగుతుంది, దిగేటప్పుడు ఊపిరి తీసుకుంటుంది. బోటు ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. నీళ్ల జాకెట్ ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, హీట్ ఎక్స్‌ఛేంజర్, సముద్రపు నీటి పంపు, వంపు మీద కూర్చున్నా ఆయిల్ పీల్చే సంపు ఇవన్నీ విడిగా కొని కలిపేసరికి ధర తేడా మిగలదు. చిన్న సైజుల్లో యాన్మార్, కుబోటా బ్లాక్ మీద కట్టే బీటా మెరైన్ రెండూ ఇక్కడ బాగా నడుస్తున్నాయి, విడిభాగాలు దొరుకుతాయి. నా ఇష్టం అడిగితే, కంప్యూటర్ లేని మెకానికల్ ఇంజెక్షన్ మోడల్ తీసుకోండి. తడి చెక్క మధ్య సెన్సర్ కనెక్టర్లు ఎన్ని తక్కువుంటే అంత నిద్ర పడుతుంది.

కొత్త ఇంజన్ మీ పాత ఇనుప సిక్స్ సిలిండర్ కంటే తేలిగ్గా ఉంటుంది, ఇది చాలామందికి ఆశ్చర్యం. బోటు నీటిలో కూర్చునే తీరు మారుతుంది. బ్యాటరీలు, ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది ఆ తర్వాత చూసుకుని నిర్ణయించండి. పాత దూలాల మధ్య ఎడం కొత్త ఇంజన్ కాళ్లకు సరిపోదు. దూలాల పైభాగాన్ని చెక్కి సన్నం చేయించకండి. దూలం పక్కలకు పొడవాటి స్టీలు యాంగిల్ పెట్టి, చెక్కకు అడ్డంగా బోల్టులు దూర్చి, దాని మీద ఇంజన్ కూర్చోబెట్టాలి. బరువు ఎంత పొడవున పంచితే అంత మంచిది. నూనె పీల్చిన దూలానికి ఎపాక్సీ అంటదు, అలాంటిది మార్చడమే. ఇంజన్ కింద లోతైన ట్రే తప్పనిసరి, ఒక్క చుక్క డీజిల్ కూడా బోటు అడుగు చెక్కకు చేరకూడదు. ఇంకా, షాఫ్టు వాలు ఎన్ని డిగ్రీలో కొలిచి ఇంజన్ తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చండి. ఎక్కువైతే కిందికి వంగిన గేరుబాక్సు దొరుకుతుంది.

ట్యాంకు: పాతది వద్దు. గాల్వనైజ్డ్ ట్యాంకులోని జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి బంక అవుతుంది, రాగి అయితే డీజిల్‌ను త్వరగా పాడుచేస్తుంది. పైగా డీజిల్‌కు ఇంజన్ నుంచి వెనక్కొచ్చే లైను కావాలి, పాత ట్యాంకుకు అది ఉండదు. అల్యూమినియం ట్యాంకు అయితే తడి చెక్కకు నేరుగా ఆనకుండా, చుట్టూ గాలి ఆడేలా పెట్టించండి. ఇంజన్‌కు ముందు నీటిని వేరుచేసే ఫిల్టర్ ఒకటి, చేత్తో సులువుగా అందే చోట. గొట్టాలు, వాల్వులు ఏబీవైసీ హెచ్-33 (బోట్ల డీజిల్ ఇంధన వ్యవస్థలకు అమెరికా బోట్ల సంస్థ పెట్టిన ప్రమాణం) ప్రకారం ఉన్నాయో లేదో బీమావాళ్లు అడుగుతారు. పాత పెట్రోల్ ట్యాంకును బోటులో ఉంచి గ్రైండరుతో కోయనివ్వకండి, ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆవిరే. డెక్ మీద పాత పెట్రోల్ పోసే మూతను కూడా పూర్తిగా తీయించి రంధ్రం మూయించండి. అది అలాగే ఉంటే ఏదో ఒక రోజు ఇంధనం డాక్‌లో ఒక కుర్రాడు దాన్ని చూసి పెట్రోల్ పోస్తాడు. గొట్టం కింద ట్యాంకు లేదు, అదంతా నేరుగా అడుగులోకే.

ఎగ్జాస్ట్ రాగి గొట్టాలను కూడా వాడుకోవాలని చూడకండి. డీజిల్ పొగ రాగిని తింటుంది, వ్యాసం కూడా చాలదు. వాటర్‌లిఫ్ట్ మఫ్లర్ (పొగతో పాటు చల్లార్చే నీటినీ పైకెత్తి బయటకు పంపే సైలెన్సరు), రబ్బరు ఎగ్జాస్ట్ హోసు పెట్టించండి. మానిఫోల్డ్ నీటిగీతకు దగ్గరగా ఉంటే సైఫన్ విరిచే వాల్వు కావాలి, లేకపోతే ఆగి ఉన్న ఇంజన్‌లోకే సరస్సు నీళ్లు వస్తాయి. కరెంటు మొత్తం మారుతుంది: మీది 6 వోల్టులు, పాజిటివ్ గ్రౌండ్ అయి ఉంటుంది, కొత్తది 12 వోల్టులు, నెగటివ్ గ్రౌండ్. పాత గేజీలు, బల్బులు పనికిరావు.

అలైన్‌మెంట్ (ఇంజన్, షాఫ్టు ఒకే వరసలో కూర్చోబెట్టడం) మాత్రం యార్డులో, గట్టు మీద పూర్తి చేశామంటే నమ్మకండి. చెక్క బోటు స్టాండ్ల మీద ఒక ఆకారంలో, నీటిలో ఇంకో ఆకారంలో ఉంటుంది. ఎండిన పలకలు నీరు తాగి ఉబ్బడానికి రోజులు పడుతుంది. నీటిలో దించి, ట్యాంకు నింపి, కొన్ని రోజులు నానిన తర్వాత షాఫ్టును గేరుకు కలిపే ఫ్లాంజీలు (బిళ్లలు) విప్పి ఫీలర్ గేజీతో చుట్టూ నాలుగు చోట్ల చూడాలి. 4 అంగుళాల ఫ్లాంజీకి 4 థౌలకంటే (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఎక్కువ తేడా ఉండకూడదు. ఆ సీజన్ చివర్లో మళ్లీ ఒకసారి చూడాలి. దీనికి రెండోసారి రావడం బిల్లులో కలిపి ఉందా అని ముందే అడగండి.

తర్వాత పుగెట్ సౌండ్‌లోకి తీసుకెళ్లి పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. ఇంజన్ మీద రాసిన ఆర్‌పీఎం అందుకోవాలి. 2800కు బదులు 2500 దగ్గర ఆగి నల్ల పొగ కక్కితే ప్రొపెల్లర్ ఇంజన్ మీద మోయలేనంత భారం వేస్తోందన్నమాట. పిచ్ (ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరగాల్సిన దూరం) ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. అది సరిచేయకుండా యార్డుకు ఆఖరి చెక్కు ఇవ్వకండి.

ఒకవేళ సర్వే రిపోర్టు చూశాక చెక్కకే డబ్బంతా పోతుందనిపిస్తే, క్రౌన్‌నే ఉంచి కొత్త ట్యాంకు, మంటకు తట్టుకునే ఏ1 రకం ఇంధన గొట్టాలు, కొత్త బ్లోయరు, అడుగున ఆవిరి అలారం, రవ్వ బయటకు రాని స్టార్టర్, ఆల్టర్నేటర్ పెట్టించి ఇంకొన్నేళ్లు నడపవచ్చు. ఆ ఇంజన్‌కు విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. సెప్టెంబర్‌లో పోర్ట్ టౌన్‌సెండ్ చెక్క బోట్ల పండుగకు వెళ్లండి. ఇంజన్ మార్చిన బోట్ల యజమానులు అక్కడుంటారు, అడిగితే ఇంజన్ పెట్టె మూత తీసి చూపిస్తారు.

బోటు పైకి తీయించినప్పుడు ప్రొపెల్లర్ వ్యాసం, దాని పైన పలకకు ఉన్న ఖాళీ, షాఫ్టు వ్యాసం, షాఫ్టు వాలు, ఇంజన్ దూలాల మధ్య ఎడం కొలిచి ఇక్కడ పెట్టండి. దూలాల వెనక చివర్ల ఫోటోలు, ఫ్లాష్ వేసి దగ్గరగా తీసినవి, కూడా పెట్టండి. గేరు, ప్రొపెల్లర్ లెక్క నేను వేసి చెబుతాను.